పదేళ్లలో మూడు లీగులు.. హైదరాబాద్‌కి మూడు పేర్లు! రువాండాలో నిలబడిన బాస్కెట్‌బాల్ ఇక్కడెందుకు నిలబడట్లేదు?

రువాండా.. తూర్పు ఆఫ్రికాలో ఓ బుల్లి దేశం. విస్తీర్ణం 26 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంటే తెలంగాణలో నాలుగో వంతు కూడా ఉండదు. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 1.32 కోట్ల మంది. తెలంగాణ జనాభా 2011 లెక్కల్లోనే 3.5 కోట్లు.

అంత చిన్న దేశంలో జాతీయ పురుషుల బాస్కెట్‌బాల్ లీగ్ ఏటా నడుస్తోంది. అందులో గెలిచిన జట్టు నేరుగా ఆఫ్రికా ఖండం మొత్తానికి జరిగే పెద్ద లీగ్ తలుపు తడుతోంది. 2025లో ఆ ఖండాంతర లీగ్‌లో రువాండా ఆర్మీ క్లబ్ ఏపీఆర్ మూడో స్థానంలో నిలిచింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2015లో యూబీఏ లీగ్ వచ్చింది, హైదరాబాద్ స్కై అనే టీమ్ దిగింది. 2018లో త్రీ ఆన్ త్రీ లీగ్ వచ్చింది, హైదరాబాద్ బాలర్స్ వచ్చారు. 2025లో ఐఎన్‌బీఎల్ ప్రో వచ్చింది, హైదరాబాద్ ఫాల్కన్స్ అన్నారు. పదేళ్లలో మూడు లీగులు, మూడు జెర్సీలు, మూడు లోగోలు. ఈ మూడు పేర్లూ గుర్తున్న అభిమాని హైదరాబాద్‌లోనే దొరకడం కష్టం. ఇక జోగులాంబ గద్వాల జిల్లా అయిజలో అయితే అడగాల్సిన పనే లేదు.

ఎందుకిలా? డబ్బు లేకనా? ఆట తెలియకనా? రెండూ కాదు. లీగ్ అంటే ఏంటన్న దగ్గరే అసలు తేడా ఉంది. అక్కడ లీగ్ అంటే నిచ్చెన. ఇక్కడ లీగ్ అంటే లాంచ్ ఈవెంట్.

స్కూల్ జిమ్‌లో మ్యాచ్.. 10 వేల సీట్ల అరేనాలో ఫైనల్

రువాండా లీగ్‌లో ఆడే జట్ల పేర్లు చూస్తే విషయం సగం అర్థమైపోతుంది. ఏపీఆర్ అంటే ఆర్మీ జట్టు. ఆర్‌ఈజీ అంటే రువాండా ఎనర్జీ గ్రూప్, అంటే ప్రభుత్వ కరెంటు సంస్థ. మన భాషలో చెప్పాలంటే డిస్కమ్ వాళ్లకు ఓ బాస్కెట్‌బాల్ టీమ్ ఉన్నట్టు. కెప్లర్ అనే జట్టు ఓ కాలేజీది. వీటికి తోడు పేట్రియాట్స్, ఎస్పోయిర్, టైగర్స్ లాంటి క్లబ్బులు. సినిమా స్టార్ ఓనర్లు లేరు, కోట్ల రూపాయల వేలం పాటలు లేవు.

మ్యాచ్‌లు ఎక్కడ జరుగుతాయో తెలిస్తే ఇంకా ఆశ్చర్యం. రాజధాని కిగాలీలో లీసే ద కిగాలీ అని ఓ పాత స్కూల్ ఉంది. ఏళ్లుగా లీగ్ మ్యాచ్‌లకు ఆ స్కూల్ జిమ్‌నే వాడుకున్నారు. 2019 ఆగస్టులో 10 వేల సీట్ల కిగాలీ అరేనా తెరుచుకుంది. ఇప్పుడు దాని పేరు బీకే అరేనా. పెద్ద మ్యాచ్‌లు అక్కడికి మారాయి. అంటే ముందు లీగ్ నిలబడింది, ఆ తర్వాతే ఆ స్థాయి అరేనా వచ్చింది. మన దగ్గర రివర్స్. 2002 నేషనల్ గేమ్స్, 2003 ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ కోసం గచ్చిబౌలిలో స్టేడియాలు కట్టారు. హాల్ ఉంది, కానీ అందులో వారం వారం ఆడే బాస్కెట్‌బాల్ లీగ్ మాత్రం లేదు.

అక్కడ టైటిల్ కూడా చేతులు మారుతూ వచ్చింది. 2021, 2022లో ఆర్‌ఈజీ గెలిచింది. 2023, 2024లో ఏపీఆర్ గెలిచింది. అంతకుముందు పేట్రియాట్స్ హవా. కరెంటు సంస్థకి, ఆర్మీకి మధ్య ఫైనల్ అంటే కిగాలీలో పండగే. ప్రధాన జట్లు ఏటా కొనసాగుతూ వచ్చాయి. అందుకే అభిమాని మిగిలాడు. తండ్రి ఏ జట్టుకి ఈలేశాడో కొడుకూ అదే జట్టుకి ఈలేస్తాడు. ఫ్యాన్ బేస్ అనేది ఇలా తయారవుతుంది, ఇన్‌స్టా రీల్స్‌తో కాదు.

అన్నింటికంటే ముఖ్యమైంది పైమెట్టు. ఎన్‌బీఏ, ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా కలిసి బాస్కెట్‌బాల్ ఆఫ్రికా లీగ్‌ను మొదలుపెట్టాయి. కొవిడ్ వల్ల ఏడాది ఆలస్యమై 2021 మే 16న కిగాలీలోనే తొలి మ్యాచ్ జరిగింది. ఆ సీజన్‌లో పేట్రియాట్స్ తరఫున అమెరికన్ ర్యాప్ స్టార్ జె కోల్ కూడా ఆడాడు. వార్తల్లో ఆయన పేరు మోగింది గానీ, అసలు వార్త వేరే ఉంది. ఆ జట్టు నాలుగో స్థానం దాకా వెళ్లింది. 12 జట్లు ఆడే ఆ లీగ్‌లోకి వెళ్లే ప్రధాన దారి ఇదే. దేశవాళీ లీగ్‌లో చాంపియన్ కావాలి. కొన్ని దేశాల చాంపియన్లకు నేరుగా చోటు, మిగతా చాంపియన్లకు అర్హత పోటీలు. కాబట్టి స్కూల్ జిమ్‌లో మంగళవారం రాత్రి ఆడే మ్యాచ్‌కి కూడా విలువ వచ్చింది. ఆ మ్యాచ్ గెలిస్తే ఎక్కడికి వెళ్తామో ఆటగాడికి తెలుసు.

పక్క దేశాలదీ అదే దారి. కెన్యా లీగ్‌లో పోర్ట్స్ అథారిటీ జట్టు ఉంది, ఆర్మీకి ఉలింజీ వారియర్స్ ఉంది. అక్కడి నైరోబీ సిటీ థండర్ 2025 ఆఫ్రికా లీగ్‌కి అర్హత సాధించింది. కెన్యా నుంచి ఆ గౌరవం దక్కిన తొలి పురుషుల జట్టు అదే. ఉగాండా నుంచి సిటీ ఆయిలర్స్ 2023లోనే వెళ్లింది. ఒక దేశం మెట్లు కట్టింది, పక్క దేశాలు చూసి ఎక్కడం మొదలుపెట్టాయి.

ఆ క్లబ్బులు మన దగ్గరా ఉన్నాయి.. మరి తేడా ఎక్కడ?

ఇక్కడే ఓ విషయం గమనించాలి. ఆర్మీ జట్టు, కరెంటు సంస్థ జట్టు, బ్యాంకు జట్టు.. ఈ మోడల్ ఇండియాకి కొత్తేం కాదు. ఇండియన్ రైల్వేస్ ఉంది. సర్వీసెస్ ఉంది. చెన్నైలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ జట్టుంది. ఓఎన్‌జీసీ ఉంది. భారత జట్టుకి ఏళ్ల తరబడి కెప్టెన్‌గా చేసిన విశేష్ భృగువంశీ ఓఎన్‌జీసీ ఉద్యోగే. 2020లో ఆయనకు అర్జున అవార్డు కూడా వచ్చింది.

అంటే జీతమిచ్చే సంస్థలున్నాయి, ఆటగాళ్లున్నారు. లేనిదల్లా క్యాలెండర్. రువాండాలో ఈ జట్లు నెలల తరబడి ఒకదానితో ఒకటి తలపడతాయి. మన దగ్గర ఇవే జట్లు టోర్నమెంట్లలో కలుస్తాయి. సీనియర్ నేషనల్స్ ఓ వారం, ఫెడరేషన్ కప్ ఓ వారం, కోయంబత్తూరులో నాచిముత్తు గౌండర్ కప్ లాంటి ఆహ్వాన టోర్నీలు కొన్ని. టోర్నీ అయిపోయాక మళ్లీ ఎవరి ఆఫీసు వాళ్లది. సొంతూళ్లో సొంత అభిమానుల ముందు ఆడే మ్యాచ్‌లు ఎన్ని అంటే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మైదానంలో దీని ఫలితం కనిపిస్తూనే ఉంది. భారత పురుషుల జట్టు ఒలింపిక్స్ ఆడింది ఒకే ఒక్కసారి, 1980 మాస్కోలో. 2014లో చైనాలోని వుహాన్‌లో చైనానే 65-58తో ఓడించి సంచలనం సృష్టించింది. 2025 ఆగస్టులో జెడ్డాలో జరిగిన ఆసియా కప్‌లో జోర్డాన్‌ని ఓవర్‌టైమ్ దాకా లాక్కెళ్లింది. కానీ గ్రూప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడి ఇంటికొచ్చింది. అప్పుడప్పుడు మెరుపులు ఉన్నాయి, నిలకడ లేదు. టైట్ మ్యాచ్‌లో చివరి రెండు నిమిషాలు ఎలా ఆడాలో క్యాంపుల్లో నేర్పలేరు. అది మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది.

లాంచ్‌లు ఎక్కువ.. సీజన్లు తక్కువ

బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ 2010లో ఐఎంజీ-రిలయన్స్‌తో ఏకంగా 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. ప్రొఫెషనల్ లీగ్ వచ్చేస్తుందన్న ఆశలు అప్పుడు మామూలుగా లేవు. ఏళ్లు గడిచాయి, ఆ లీగ్ మాత్రం రాలేదు. మధ్యలో 2015లో ఫెడరేషన్‌లోనే రెండు వర్గాలు, ఎవరు అసలు అన్న గొడవ.

ఆ ఖాళీలోనే ప్రైవేటు లీగులు దిగాయి. యూబీఏ 2015లో మొదలై 2017తో ఆగిపోయింది. అది ఫెడరేషన్ సొంత లీగ్ కాదు. ఆ తర్వాత 2018లో త్రీ ఆన్ త్రీ లీగ్. 2022-23లో ఐఎన్‌బీఎల్ తొలి ఫైవ్ ఆన్ ఫైవ్ సీజన్ జరిగింది. చెన్నై, బెంగళూరు, కొచ్చి, ముంబై, ఢిల్లీ, చండీగఢ్.. ఇలా ఆరు నగరాల జట్లు. హైదరాబాద్ అందులో లేదు. చెన్నై హీట్ చాంపియన్.

2025లో ఐఎన్‌బీఎల్ ప్రో పేరుతో యువ ఆటగాళ్లకు పెద్దపీట వేస్తూ మరో లీగ్ పెట్టారు. ఈసారి హైదరాబాద్ ఫాల్కన్స్ వచ్చారు. కానీ మ్యాచ్‌లన్నీ ఢిల్లీలోని త్యాగరాజ్ స్టేడియంలోనే. అంటే జెర్సీ మీద హైదరాబాద్ అని ఉన్న టీమ్, హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు! టీవీలో చూసే వాళ్లకి అది ఓ స్కోరు మాత్రమే. గ్యాలరీలో కూర్చుని గొంతు పోయేలా అరిచిన కుర్రాడే రేపు అభిమాని అవుతాడు. ఆ అవకాశమే ఇక్కడి వాళ్లకి రాలేదు.

ఫ్రాంచైజీని నమ్ముకుంటే ఏమవుతుందో హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ ఇప్పటికే నేర్పింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు కొట్టింది. ఆ తర్వాత ఆర్థిక కష్టాలు. చివరికి 2025లో టీమ్ ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. దేశంలోనే నంబర్ వన్ అయిన జట్టు మూడేళ్లు తిరిగేసరికి ఊళ్లో లేకుండా పోయింది. ఓనర్ డబ్బు మీద నిలబడ్డ టీమ్, ఓనర్ కదిలితే కదిలిపోతుంది. ఊరి మీద, సంస్థ మీద నిలబడ్డ టీమ్ అంత తేలిగ్గా కదలదు. రువాండాలో కరెంటు సంస్థ జట్టు పక్క దేశానికి వెళ్లిపోతుందని ఎవరైనా ఊహిస్తారా?

అయిజ నుంచి చూస్తే.. మొదటి మెట్టే లేదు

ఇదంతా హైదరాబాద్ ముచ్చట. మరి హైదరాబాద్‌కి రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో, కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలో ఉన్న అయిజ సంగతేంటి?

అయిజలో ఇంటర్ చదివే ఓ కుర్రాడు ఆరడుగుల మూడంగుళాలు ఉన్నాడనుకుందాం. చురుగ్గా ఉంటాడు, బాగా ఎగురుతాడు. ఊళ్లో అందరూ వాణ్ని వాలీబాల్‌లో నెట్ దగ్గర నిలబెడతారు. తప్పేం కాదు, వాలీబాల్ నెట్ ఎక్కడైనా కట్టొచ్చు. కబడ్డీకి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు నేల, కాస్త సున్నం చాలు. బాస్కెట్‌బాల్ అలా కాదు. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గట్టి ఫ్లోర్ కావాలి. 3.05 మీటర్ల ఎత్తులో రింగ్ కావాలి. మట్టి నేల మీద బంతి సరిగ్గా లేవదు. డ్రిబ్లింగ్ రాదు. డ్రిబ్లింగ్ రాకపోతే ఆటే లేదు.

2022లో రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టింది. వాలీబాల్, ఖోఖో, లాంగ్‌జంప్ లాంటివాటికి చోటిచ్చారు. 2024 చివర్లో సీఎం కప్ పోటీలు గ్రామ స్థాయి నుంచి జరిగాయి. రెండూ మంచి ప్రయత్నాలే. కానీ గ్రామ ప్రాంగణంలో బాస్కెట్‌బాల్ ఫ్లోర్ వేసే ఖర్చు ఎవరు పెడతారు? అందుకే ఈ ఆట ఇప్పటికీ నగరాల్లోని వైఎంసీఏ కోర్టులు, పెద్ద ప్రైవేటు స్కూళ్లు, ఇంజినీరింగ్ కాలేజీల గోడల మధ్యే ఎక్కువగా తిరుగుతోంది.

సరే, ఎలాగో ఆట నేర్చుకున్నాడనుకుందాం. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలున్నాయి. మండలం, జిల్లా, రాష్ట్రం.. ఇలా పైకి వెళ్లాలి. ఇక్కడ నడిగడ్డకే ప్రత్యేకమైన ఓ చిక్కుంది. ఈ ప్రాంతం సీడ్ పత్తికి దేశంలోనే పేరున్నది. వానాకాలం సగం దాటాక చేలల్లో క్రాసింగ్ పనులు ముమ్మరమవుతాయి. పొద్దున్నే పువ్వు పువ్వుకీ చేత్తో చేయాల్సిన పని అది. కూలీలు దొరకని ఇంట్లో పిల్లలు కూడా చేనుకే వెళ్తారు. సరిగ్గా స్కూల్ పోటీల సీజన్ కూడా అప్పుడే మొదలవుతుంది. సెలక్షన్స్ రోజు పిల్లాడు గద్వాలలో ఉండాలా, చేలో ఉండాలా? ఇంట్లో వాళ్లకి జవాబు తెలుసు. ఎందుకంటే చేనుకి వెళ్తే కూలి మిగులుతుంది. సెలక్షన్స్‌కి వెళ్తే ఏం మిగులుతుంది?

అసలు ప్రశ్న ఇదే. రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్ వచ్చిందనుకుందాం. ఆ తర్వాత? ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది. రైల్వేలో, సర్వీసెస్‌లో స్పోర్ట్స్ కోటా నియామకాలున్నాయి. ఇవి తప్ప మరో మెట్టు లేదు. జిల్లా జట్టుకి, భారత జట్టుకి మధ్య ఆటగాడు నెలనెలా జీతం తీసుకుని ఆడే చోటు ఒక్కటీ లేదు. 19 ఏళ్లకు స్కూల్ పోటీలు ముగుస్తాయి. 23 ఏళ్లకు కోటా ఉద్యోగం వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆ మధ్యలో నాలుగేళ్లు ఎక్కడ ఆడాలి? ఈ ప్రశ్నకి ఒక్క లీగ్ కూడా సమాధానం చెప్పలేదు.

ఆర్డీఎస్ కాలువ లాంటిదే ఈ కథ

నడిగడ్డ రైతుకి దీన్ని ఇంకోలా చెప్పొచ్చు. ఆర్డీఎస్ కింద కాగితాల మీద 87,500 ఎకరాల ఆయకట్టు ఉంది. కానీ చివరి పొలానికి ఎన్ని నీళ్లు వస్తాయో ఇక్కడి రైతుకి బాగా తెలుసు. ఆనకట్ట దగ్గర నీళ్లున్నంత మాత్రాన చివరి మడి తడవదు. మధ్యలో కాలువ బాగుండాలి.

క్రీడా విధానాలూ అంతే. 2025లో తెలంగాణ ప్రభుత్వం కొత్త క్రీడా విధానం తెచ్చింది. కార్పొరేట్ సంస్థలను భాగస్వాముల్ని చేస్తామంటోంది. పైన నీళ్లు వదిలినట్టే. అవి అయిజ దాకా రావాలంటే మధ్యలో కాలువ ఉండాలి. ఏడాది పొడవునా నడిచే లీగే ఆ కాలువ. అది లేకుండా ఎన్ని అకాడమీలు పెట్టినా, అక్కడ తయారైన పిల్లలు వెళ్లడానికి చోటుండదు.

సత్నామ్ సింగ్ కథ దీనికి పెద్ద ఉదాహరణ. పంజాబ్‌లోని బల్లోకే అనే పల్లెటూరి కుర్రాడు. లుధియానా అకాడమీలో నేర్చుకున్నాడు. 2015లో డల్లాస్ మావెరిక్స్ అతణ్ని 52వ పిక్‌గా తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు. దేశమంతా ఊగిపోయింది. కానీ ఎన్‌బీఏ మ్యాచ్ ఆడే ఛాన్స్ రాలేదు. తిరిగొచ్చాక ఏడాదంతా ఆడటానికి నిలకడైన దేశవాళీ లీగ్ లేదు. 2020లో డోపింగ్ కేసులో రెండేళ్ల నిషేధం పడింది. ఆ తప్పు అతనిదే, అందులో సందేహం లేదు. ఆ తర్వాత అమెరికాలో ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. ఏడడుగుల మనిషి బాస్కెట్‌బాల్ వదిలేసి రెజ్లింగ్ రింగ్‌లోకి వెళ్లాల్సి వచ్చింది.

కబడ్డీకి కుదిరింది కదా.. అదెలా?

మన దేశంలో లీగులే నడవవు అనుకుంటే పొరపాటు. ప్రో కబడ్డీ 2014లో మొదలైంది. తెలుగు టైటాన్స్ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఒక్క టైటిల్ కూడా గెలవలేదు. అయినా పేరు మారలేదు. పల్లెటూళ్లలో కబడ్డీ ఆడే కుర్రాడికి వేలంలో నా పేరు రావచ్చు అనే ఆశ వచ్చింది. వాలీబాల్‌లోనూ 2022లో ప్రైమ్ వాలీబాల్ తొలి సీజన్ మొత్తం గచ్చిబౌలిలోనే జరిగింది. హైదరాబాద్ బ్లాక్ హాక్స్ కూడా అందులో ఆడింది.

కబడ్డీకి రెండు కలిసొచ్చాయి. ఒకటి, ఆట అప్పటికే ప్రతి ఊళ్లో ఉంది. రెండు, లీగ్ నడిపేవాళ్లు, ప్రసారం చేసేవాళ్లు ఒకే తాటి మీద ఉన్నారు, ఏళ్ల తరబడి ఆగారు. బాస్కెట్‌బాల్‌కి మొదటిది లేదు కాబట్టి రెండోది ఇంకా గట్టిగా ఉండాలి. కానీ జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒక లీగ్ వేళ్లూనుకోకముందే అది ఆగిపోవడం, కొత్త కంపెనీ కొత్త పేరుతో రావడం.

రువాండాలో అంతా బంగారమేనా? కాదు

అలాగని రువాండాని నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. అక్కడా సమస్యలున్నాయి.

మొదటిది, లీగ్ జట్లలో ఎక్కువ భాగం కిగాలీవే. అక్కడి మారుమూల ఊళ్లో కుర్రాడి పరిస్థితి అయిజ కుర్రాడి కంటే గొప్పగా ఏం లేదు. రెండోది, పెద్ద క్లబ్బులు అమెరికా నుంచి, ఇతర ఆఫ్రికా దేశాల నుంచి ఆటగాళ్లను తెచ్చుకుంటాయి. కప్పు వస్తుంది సరే, సొంత దేశపు కుర్రాడు బెంచ్ మీద కూర్చుంటున్నాడన్న విమర్శ ఉంది. మూడోది, లీగ్‌కి స్పాన్సర్‌గా బెట్టింగ్ కంపెనీ ఉంది. ఆన్‌లైన్ బెట్టింగ్ అప్పులతో ఇళ్లు కూలిపోతున్న తెలుగు రాష్ట్రాల్లో ఆ దారి అస్సలు పనికిరాదు.

నాలుగోది ఇంకా పెద్దది. పొరుగున ఉన్న కాంగోలో జరుగుతున్న యుద్ధంలో రువాండా పాత్రపై అంతర్జాతీయంగా తీవ్ర ఆరోపణలున్నాయి. అలాంటప్పుడు ఆటల మీద పెట్టే డబ్బంతా దేశం ఇమేజ్ కోసమే అని విమర్శకులు అంటారు. ఆ విమర్శని కొట్టిపారేయలేం. కాబట్టి నేర్చుకోవాల్సింది రువాండా ప్రభుత్వం నుంచి కాదు, ఆ లీగ్ నడిచే పద్ధతి నుంచి.

సౌత్ సూడాన్ షార్ట్‌కట్ ఇండియాకి లేదు

లీగ్ లేకుండా కూడా జాతీయ జట్టు గెలవొచ్చు కదా అని అడగొచ్చు. నిజమే. దానికీ తూర్పు ఆఫ్రికాలోనే ఉదాహరణ ఉంది. సౌత్ సూడాన్ 2011లో స్వతంత్ర దేశమైంది. 2023 వరల్డ్ కప్ ఆడింది. 2024 జూలైలో లండన్‌లో వామప్ మ్యాచ్‌లో అమెరికా స్టార్ జట్టుని వణికించి 100-101తో ఒక్క పాయింట్ తేడాతో ఓడింది. పారిస్ ఒలింపిక్స్‌లో ప్యూర్టోరికోని 90-79తో ఓడించింది.

అయితే ఆ జట్టులో చాలామంది యుద్ధం వల్ల చెల్లాచెదురై అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల పెరిగిన కుటుంబాల పిల్లలు. అక్కడి స్కూళ్లలో, కాలేజీల్లో ఆట నేర్చుకుని వచ్చారు.

డల్లాస్‌లో, న్యూజెర్సీలో స్కూల్ టీమ్‌లకు ఆడే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లను తెచ్చుకోవచ్చు కదా? కుదరదు. భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. ఓసీఐ కార్డున్నా సరే, భారత పాస్‌పోర్ట్ లేకపోతే ఇండియా జెర్సీ వేసుకోలేరు. అంటే సౌత్ సూడాన్ వెళ్లిన అడ్డదారి ఇండియాకి మూసి ఉంది. మిగిలింది రువాండా, కెన్యా, ఉగాండా నడిచిన దారే. ఇక్కడి పిల్లలతో, ఇక్కడి కోర్టుల మీద, ఇక్కడి లీగ్‌లోనే జట్టు తయారవ్వాలి. అయిజ కుర్రాడు వచ్చినా, హైదరాబాద్ కుర్రాడు వచ్చినా ఆ దారినే రావాలి.

ఏం చేస్తే కుదురుతుంది?

ఇది కోట్లతో మాత్రమే అయ్యే పని కాదు. రువాండా అనుభవాన్ని తెలంగాణ కొలతలకు కుదిస్తే నాలుగు పనులు కనిపిస్తాయి.

ఒకటి, సగం కోర్టుతో మొదలుపెట్టడం. త్రీ ఆన్ త్రీ ఆట టోక్యో ఒలింపిక్స్ నుంచి మెడల్ ఈవెంట్. దానికి ఒక్క రింగ్, 15 మీటర్లు, 11 మీటర్ల గట్టి ఫ్లోర్ చాలు. జట్టుకి నలుగురుంటే సరిపోతుంది. మ్యాచ్ పది నిమిషాలు లేదా 21 పాయింట్లు. అయిజ లాంటి మున్సిపాలిటీలో ఒక జూనియర్ కాలేజీలోనో, ఒక గురుకులంలోనో ఇలాంటి సగం కోర్టు వేయడం పెద్ద సమస్య కాదు. గురుకులాల్లో పిల్లలు హాస్టల్‌లోనే ఉంటారు కాబట్టి క్రాసింగ్ సీజన్ ఇబ్బంది కూడా కొంత తప్పుతుంది.

రెండు, ఉన్న సంస్థల్నే జట్లుగా మార్చడం. సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఉంది. పోలీస్ శాఖ ఉంది, విద్యుత్ సంస్థలున్నాయి, సింగరేణి ఉంది, యూనివర్సిటీలున్నాయి. వీటిలో ఆరు సంస్థలు తలా ఓ జట్టుని నడిపినా రాష్ట్ర లీగ్ సిద్ధం. ఆటగాడికి జీతం సంస్థ ఇస్తుంది. వేలం పాట అక్కర్లేదు.

మూడు, క్యాలెండర్. వారం రోజుల టోర్నీ కాదు, కనీసం నాలుగు నెలలు, శని ఆదివారాలు, అవే జట్లు, అదే హాల్. తొలి ఏడాది గ్యాలరీ ఖాళీగానే ఉంటుంది. కిగాలీలో కూడా స్కూల్ జిమ్‌తోనే కదా నడిపారు.

నాలుగు, పైకి, కిందికి దారి. జిల్లా పోటీల్లో గెలిచిన జట్టుకి రెండో డివిజన్‌లో చోటు. రెండో డివిజన్‌లో గెలిస్తే మొదటి డివిజన్. ఇక పైన ఆసియాలో క్లబ్బుల చాంపియన్స్ లీగ్ ఇప్పటికే ఉంది, 2024లో దుబాయ్‌లో జరిగింది. దేశంలో చాంపియన్ ఎవరో ఒక లీగ్ తేల్చితే, ఆ తలుపు తట్టొచ్చు.

వీటిలో కష్టమైంది మూడోదే. కోర్టు వేయడానికి డబ్బు చాలు, జట్టు పెట్టడానికి ఆర్డర్ చాలు. కానీ ప్రేక్షకులు రాని రెండో సీజన్‌ని, స్పాన్సర్ రాని మూడో సీజన్‌ని నడపడానికి ఓపిక కావాలి. ఇండియాలో వచ్చిన లీగులన్నీ సరిగ్గా అక్కడే తడబడ్డాయి.

మరో లీగ్ రావడం ఖాయం. లేజర్ లైట్లు, డీజే, సెలబ్రిటీ గెస్టులు, హైదరాబాద్ పేరుతో ఇంకో కొత్త లోగో.. అన్నీ ఉంటాయి. ఆ రోజు స్టేజి మీదున్న వాళ్లను మూడు ప్రశ్నలు అడిగితే చాలు. రెండో సీజన్ తేదీ ఎప్పుడు? ఆటగాడికి ఏడాదిలో ఎన్ని నెలలు జీతం? గద్వాల జిల్లా చాంపియన్ జట్టు ఈ లీగ్‌లోకి ఏ దారిలో వస్తుంది? మూడింటికీ జవాబుంటే అది లీగ్. లేకపోతే అది ఓ సాయంత్రం ప్రోగ్రామ్, అంతే.